అంకెలను నిలదీసిన ఆచార్యుడు: ప్రశాంత చంద్ర మహలనోబిస్

మన కాలేజీలో ఎన్.ఎస్.ఎస్. అనగానే గుర్తొచ్చేది పలుగూ పారా, ఊరి బడిలో వారం రోజుల మకాం, మాడిపోయిన ఉప్మా. అవే మూడక్షరాలతో ఈ దేశంలో మరో సంస్థ 1950లో పుట్టిందనీ, దానికి ప్రాణం పోసిన మనిషి మనలాగే ఫిజిక్సు చదువుకున్నవాడేననీ నాకు ఈ ఏడాది దాకా తెలియదు. తెలియడానికి కారణం మాత్రం మన ఎన్.ఎస్.ఎస్. క్యాంపే.

క్యాంపులో మేం 143 ఇళ్ళు తిరిగాం. ఎవరికి ఎంత భూమి, ఎన్ని బస్తాలు పండాయి, ఎంత అప్పు అని కాగితాల మీద రాసుకొచ్చి, కంప్యూటర్ లాబ్‌లో కూర్చుని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాం. సగటు కమతం ఎంతో తేలుద్దామని ఫార్ములా కొడితే ఇంటికి మూడొందల ఇరవై ఎకరాలని వచ్చింది. ఊళ్ళో నాలుగెకరాలున్నవాణ్ణే ఆసామి అంటారు. వెతగ్గా వెతగ్గా దొరికింది. ఒక మిత్రుడు 2 ఎకరాల 10 గుంటలను 2-10 అని కొట్టాడు. యంత్రం దాన్ని అక్టోబరు 2వ తేదీగా తీసుకుంది. తేదీని అది లోపల నలభై అయిదు వేల పైచిలుకు అంకెగా దాచుకుంటుందట. గాంధీ జయంతి నాడు ఒక సన్నకారు రైతు జమీందారైపోయాడు!

అందరం నవ్వుకున్నాం, దిద్దుకున్నాం. అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటే. మన క్లాసులో కృష్ణా జిల్లా వైపు వాళ్ళు ఉన్నారు, ఖమ్మం వైపు వాళ్ళూ ఉన్నారు. ఒకరికి 2.20 అంటే 2 ఎకరాల 20 సెంట్లు, ఇంకొకరికి 2 ఎకరాల 20 గుంటలు. ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు. కనుక రెండోది నిజానికి రెండున్నర ఎకరాలు. ఫార్ములాకు ఇదేం తెలుస్తుంది? రెండింటినీ ఒకే గాటన కట్టేసింది. ఇంకొకచోట 28 బస్తాలు అని అంకె పక్కన మాట కూడా రాస్తే, ఆ గడిని అక్షరాల కింద జమకట్టి సగటులోంచి చప్పుడు చేయకుండా వదిలేసింది. పంట పోయినవాడి గడిలో సున్నా ఉండాలి, అడిగితే చెప్పనివాడి గడి ఖాళీగా ఉండాలి. మేం ఇద్దరికీ సున్నాలే పెట్టాం. ఈ తప్పుల్లో ఒక్కటి కూడా ఎర్రర్ అని అరవలేదు. సగటు చూడ్డానికి ముచ్చటగా, నమ్మదగ్గట్టుగానే వచ్చింది.

మూడొందల ఇరవై ఎకరాల తప్పు అరిచి చెప్పింది కనుక బతికిపోయాం. అరవని తప్పుల సంగతేమిటి? ఈ ప్రశ్న వెంట యాభై ఏళ్ళు పడి తిరిగినవాడు మహలనోబిస్ అని మా లెక్చరరు గారు చెప్పగా విని, లైబ్రరీలో దొరికినంతవరకూ చదివి ఈ వ్యాసం రాస్తున్నాను.

ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1893 జూన్ 29న కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబంలో జన్మించాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి ఉద్దండులు ఉన్న రోజుల్లో చదువుకుని 1912లో ఫిజిక్సులో బి.యస్సీ. ఆనర్సు పూర్తిచేశాడు. ఆ మరుసటి ఏడు ఇంగ్లండు వెళ్ళాడు. చేరదామనుకున్నది లండనులో. ఒకరోజు కేంబ్రిడ్జి చూడ్డానికి వెళ్ళి, కింగ్స్ కాలేజీ ప్రార్థనా మందిరం ముందు మైమరచి నిలబడి, తిరుగు రైలు తప్పిపోయాడు. రాత్రికి ఆశ్రయమిచ్చిన స్నేహితుడు ఇక్కడే చేరకూడదా అని సలహా ఇస్తే, మర్నాడే వెళ్ళి అడిగి సీటు తెచ్చుకున్నాడు. రైలు తప్పితే ప్లాట్‌ఫారం మీద పడుకునే మనబోటివాళ్ళం ఏం చెప్పగలం!

ఆ రోజుల్లోనే మన శ్రీనివాస రామానుజన్ కేంబ్రిడ్జిలో ఉన్నాడు. ఇద్దరూ స్నేహితులయ్యారు. చలికి ఓవర్‌కోటు తొడుక్కుని దుప్పట్ల మీదే పడుకుంటున్న రామానుజన్‌కు, దుప్పట్ల మధ్యకు దూరి పడుకోవాలని చూపించినవాడు ఈయనే.

1915లో చదువు ముగించి ప్రథమ శ్రేణిలో పాసయ్యాడు. సెలవులకని ఇంటికి బయలుదేరే ముందు, యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. కాలక్షేపానికి కాలేజీ లైబ్రరీలో కూర్చుంటే, ట్యూటరు మెకాలే ఒక పత్రిక సంపుటాలు చూపించాడు. పేరు బయోమెట్రికా. కార్ల్ పియర్సన్ నడిపిన గణాంకశాస్త్ర పత్రిక అది. అది చూసి ఆయనకు ఎంత ఆసక్తి కలిగిందంటే, మొత్తం సంపుటాలు కొనుక్కుని ఓడలో చదువుతూ ఇల్లు చేరాడు. ఫిజిక్సు పరిశోధనకు మళ్ళీ కేంబ్రిడ్జి వెళ్ళాల్సినవాడు వెళ్ళనేలేదు. ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠం చెప్పేవాళ్ళు తక్కువైతే తాత్కాలికంగా చేరి, ముప్పై ఏళ్ళు పైగా అక్కడే ఉండిపోయాడు. చివరికి ప్రిన్సిపాలై 1948లో రిటైరయ్యాడు.

గణాంకాల్లో ఆయన మొదటి పని మనకు బాగా దగ్గరైన విషయం: పరీక్ష మార్కులు. తత్వవేత్త వ్రజేంద్రనాథ్ శీల్ ప్రోత్సాహంతో 1917లో కలకత్తా యూనివర్శిటీ ఫలితాలు విశ్లేషించాడు. తర్వాత 1920లో నాగపూర్ సైన్సు కాంగ్రెసులో నెల్సన్ అన్నండేల్ అనే జంతుశాస్త్రవేత్త పరిచయమయ్యాడు. కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు తీసిపెట్టుకుని వాటిని ఏం చేయాలో తోచక ఉన్నాడాయన. ఆ కాగితాలు మహలనోబిస్‌కు అప్పగించాడు. 1922లో దాని మీద వచ్చిన వ్యాసమే ఈ రంగంలో ఆయన తొలి పరిశోధన. ఇతరులు పోగుచేసిన అంకెలతో కుస్తీ పట్టడం అక్కడ మొదలైంది.

అదే ఏడు ఆలీపూర్ వాతావరణ పరిశోధనశాల బాధ్యత కూడా మీద పడింది. కాలేజీ ఉద్యోగంతోపాటే 1926 వరకూ అదీ చూశాడు. ఆకాశంలో ఎత్తు ఎత్తున తీసిన ఉష్ణోగ్రత, పీడన కొలతలు ఆయన చేతికి వచ్చాయి. వాటిని సూత్రాల్లో పెట్టి సంబంధాలు లెక్కగట్టడం ఎవరైనా చేస్తారు. ఈయన ముందుగా అడిగిన ప్రశ్న వేరు: ఈ కొలతల్లో కొలిచినవాడి పొరపాటు, పరికరం పొరపాటు ఎంత? ఆ పొరపాటు లెక్కలోకి దూరి లేని సంబంధాలను ఉన్నట్టు, ఉన్నవాటిని లేనట్టు ఎంతవరకు చూపిస్తుంది? ఆ సవరణలు చేసి చూస్తే వాతావరణపు మార్పులను ఎక్కువగా శాసించే పొర సముద్రమట్టానికి దాదాపు 4 కిలోమీటర్ల ఎత్తున ఉందని తేలింది. తర్వాత ఇదే విషయాన్ని జర్మనీలో ఇంకొకరు వేరే దారిన కనుక్కున్నారు. ప్రాక్టికల్ రికార్డులో ఎర్రర్ అనే కాలమ్‌ను చివర్లో ఏదో ఒక అంకెతో నింపేసే మనం ఈ సంగతి కాస్త ఆలోచించాలి.

ఇక వరదలు. 1922లో ఉత్తర బెంగాలులో పెద్ద వరద వచ్చింది. ఇంజనీర్ల కమిటీ కూర్చుని, వరద నీటిని ఆపి నిలవబెట్టే పెద్ద పెద్ద జలాశయాలు కట్టాలని సిఫారసు చేసింది. ఖర్చు విపరీతం. ప్రభుత్వం ఎందుకో సందేహించి మహలనోబిస్‌ను అడిగింది. ఆయన 1870 నుంచి యాభై ఏళ్ళ వానల లెక్కలూ వరదల లెక్కలూ బయటికి తీశాడు. అక్కడి వరదలకు ఆ జలాశయాలు ఏమీ చేయలేవనీ, చేయవలసింది నీరు పారే దారిలోని అడ్డంకులు తొలగించడమనీ తేల్చాడు.

1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నది పొంగినప్పుడూ ఇదే కథ. నది అడుగు మేట వేసి పైకి లేచిందనీ, కాబట్టి కరకట్టలు ఇంకా ఎత్తు చేయాలనీ నిపుణులు చెప్పారు. మహలనోబిస్ దాదాపు అరవై ఏళ్ళ లెక్కలు పరిశీలించి, అడుగు చెప్పుకోదగ్గంత లేవలేదనీ, ఎగువన ఆనకట్టలు కట్టి నీటిని పట్టాలనీ, దానితో కరెంటు కూడా తీయవచ్చనీ చూపించాడు. ముప్పై ఏళ్ళ తర్వాత మహానది మీద హిరాకుడ్ డ్యాం లేచినప్పుడు ఈ ఆలోచనే గుర్తుచేసుకున్నారు. తప్పుడు అంకె మీద కట్టలు ఎత్తు చేసి ఉంటే ఏమయ్యేదో, కట్ట తెగితే ఊరు ఏమవుతుందో తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ప్రెసిడెన్సీ కాలేజీలో తన గదిలోనే నడుపుతున్న స్టాటిస్టికల్ లాబొరేటరీ, 1931 డిసెంబరు 17న జరిగిన సమావేశంతో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అయింది. మొదటి ఏడాది ఖర్చు 250 రూపాయలు కూడా దాటలేదు. అప్పట్లో కంప్యూటర్ అంటే కుర్చీలో కూర్చుని లెక్కలు వేసే మనిషి. చేతితో తిప్పే లెక్కల మిషన్లు వాళ్ళ ఆయుధాలు. 1933లో సాంఖ్య అనే పత్రిక ప్రారంభించారు.

ఆ పత్రిక తొలి సంపుటంలోనే ఆయన చేసిన ఒక పని నాకు అన్నిటికంటే నచ్చింది. రిస్లీ అనే ఇంగ్లీషు అధికారి 1891లో బెంగాలు కులాలు, తెగల శరీర కొలతలను పుస్తకాలుగా అచ్చేశాడు. అందులో పొంతన లేని అంకెలు చాలా ఉన్నాయి. అలాంటి పట్టికను చూస్తే మనబోటివాళ్ళం రెండే పనులు చేస్తాం. ఉన్నదున్నట్టు ఫార్ములాలో పోసేస్తాం, లేదా మొత్తం చెత్తబుట్టలో వేస్తాం. మహలనోబిస్ మూడో పని చేశాడు. అంకెలను ఒకదాని మీద ఒకటి సాక్షులుగా పెట్టి విచారించాడు. ఉదాహరణకు ముక్కు ఎత్తు, ముక్కు వెడల్పు, రెండింటి నిష్పత్తి అని మూడు కాలమ్‌లు ఉన్నాయనుకోండి. మొదటి రెంటి నుంచి మూడోది రావాలి. రాకపోతే మూడింట్లో ఒకటి అబద్ధం. ఏ అంకె మారిస్తే మూడూ కుదురుతాయో చూస్తే దొంగ దొరుకుతాడు. రాసేటప్పుడు తలకిందులైందా, అచ్చులో పోయిందా అనేది కూడా ఊహించవచ్చు. ఇలాంటి పరీక్షలతో రిస్లీ పట్టికలో పనికొచ్చేదాన్ని నిలబెట్టాడు. ఆ కొలతల వెనక ఉన్న కులాల వర్గీకరణ మంచిదా చెడ్డదా అనేది వేరే చర్చ. నాకైతే ముక్కు కొలిచి మనిషి అంతస్తు చెప్పే ఆ శాస్త్రం మీద గౌరవం లేదు. కానీ చిందరవందరగా ఉన్న పట్టికను ఎలా చూడాలో నేర్పిన పాఠం మాత్రం గొప్పది.

ఈ కొలతల పని నుంచే ఆయన పేరు నిలబెట్టిన సూత్రం పుట్టింది. 1936లో వెలువడిన ఆ సూత్రాన్ని ప్రపంచమంతా మహలనోబిస్ దూరం అంటుంది. రెండు జనసమూహాలు ఎంత దగ్గరో, ఎంత దూరమో అనేక కొలతలను కలిపి ఒకేసారి చెప్పడం దాని మొదటి ఉద్దేశం. ఈనాడు పట్టికల్లో దొంగ అంకెలు పట్టుకోవడానికి కూడా దాన్ని వాడుతున్నారు. దాని కిటుకు సంతలో ఎడ్లను బేరమాడే ఏ రైతుకైనా తెలుసు. మనిషి ఆరడుగుల ఎత్తు ఉండడం వింత కాదు, నలభై కిలోల బరువు ఉండడమూ వింత కాదు. ఆరడుగుల మనిషి నలభై కిలోలు ఉన్నాడంటేనే ఆగి చూడాలి. కాలమ్ వెంట కాలమ్ విడిగా చూస్తే ఈ తప్పు ఎప్పటికీ కనపడదు. కొలతలు ఒకదానితో ఒకటి ఎలా నడుస్తాయో లెక్కలోకి తీసుకున్నప్పుడే ఈ మనిషి గుంపుకు ఎంత దూరంగా నిలబడ్డాడో తెలుస్తుంది.

ఇక జనపనార సంగతి. బెంగాలు రైతు బతుకు, కలకత్తా మిల్లులు, ఎగుమతి వ్యాపారం అన్నీ ఆ పంట చుట్టూ తిరిగేవి. ఎంత పండబోతుందన్న అంచనా ధరను లేపుతుంది, దించుతుంది. మరి ఆ అంచనా ఎలా వచ్చేది? మన తాతలకు తెలిసిన అణావారీ పద్ధతే. సాగు విస్తీర్ణం, మామూలు దిగుబడి, ఈ ఏడు పంట రూపాయికి ఎన్ని అణాలు ఉంది అనే మూడింటినీ గుణించడం. ఫార్ములాలో తప్పేమీ లేదు. దానిలో పోసే మూడూ కంటిచూపు అంచనాలే. శాశ్వత శిస్తు ఉన్న బెంగాలులో రైతువారీ ప్రాంతాల్లోలాగా కరణాల వ్యవస్థ కూడా లేదు. చౌకీదారు చెప్పిందే లెక్క.

1937లో మహలనోబిస్ బృందం చిన్నగా మొదలుపెట్టి, ఏటా పెంచుకుంటూ పోయి, 1941 నాటికి బెంగాలు అంతటా నమూనా సర్వే చేసింది. అన్ని చేలూ చూడరు. చీట్లు తీసినట్టు ఎంపిక చేసిన కొన్ని చోట్ల మాత్రమే జాగ్రత్తగా చూస్తారు. ఇందులో ఆయన పెట్టిన మెలిక ఒకటుంది. ఒకే ప్రాంతానికి రెండు విడివిడి నమూనాలు తీసి, రెండు వేర్వేరు జట్లకు అప్పగించేవాడు. ఒక జట్టు రాసింది ఇంకో జట్టు చూడకూడదు. చివర్లో రెండు అంచనాలూ పక్కపక్కన పెట్టేవాడు. రెండూ దగ్గరగా ఉంటే సరి. దూరంగా ఉంటే అది నమూనా వల్ల సహజంగా వచ్చే తేడాయా, లేక ఎవడో చెట్టు కింద కూర్చుని రాసేశాడా అనేది బయటపడుతుంది. అంటే తప్పు దానంతట అది నోరు తెరిచేలా ముందే ఏర్పాటు చేయడం. ఇంటర్‌పెనిట్రేటింగ్ శాంపుల్స్ అని దానికి పెద్ద పేరు పెట్టారు.

దీని బలం 1940 దశకంలో ఒక పోలికతో లోకానికి తెలిసింది. బెంగాలు జనపనారను రెండు విధాలా లెక్కించారు. చేను చేనూ తిరిగిన పూర్తి లెక్కకు 33,000 మంది పనిచేశారు, 82 లక్షల రూపాయలు ఖర్చయింది. నమూనా సర్వేకు 600 మంది, 8 లక్షలు. పూర్తి లెక్క చెప్పిన పంట 63 లక్షల 4 వేల బేళ్ళు. నమూనా సర్వే చెప్పింది 75 లక్షల 40 వేలు. తర్వాత కస్టమ్స్, వ్యాపార లెక్కల నుంచి తేలిన అసలు పంట 75 లక్షల 62 వేలు! అన్నీ చూశామన్నవాళ్ళు ఆరోవంతు పంటను మింగేశారు. తక్కువ చూసినా దగ్గరుండి చూసినవాళ్ళు దాదాపు సరిగ్గా చెప్పారు. డేటా ఎక్కువైతే నిజం దానంతట అదే తేలుతుందని అనుకునే మనవాళ్ళకు ఈ మూడు అంకెలు లాబ్ గోడ మీద రాసిపెట్టాలి.

పంట కోత ప్రయోగాల గురించి కూడా ఆయన చాలా శ్రమపడ్డాడు. చేలో ఒక చిన్న ముక్క కొలిచి, కోసి, తూచి, ఎకరానికి లెక్కగట్టడం. ముక్క మరీ చిన్నదైతే దిగుబడి ఎక్కువగా వస్తోందని గమనించారు. కారణం గట్టు మీద నిలబడే రైతుకు వెంటనే అర్థమవుతుంది. తాడు వేసినప్పుడు సరిగ్గా తాడు కింద పడ్డ దుబ్బు లోపలిదా, బయటిదా? చేతులు దాన్ని లోపలికే లాగుతాయి. ముక్క చిన్నదైన కొద్దీ చుట్టుకొలత పాలు ఎక్కువ, ఆ దుబ్బుల పాలూ ఎక్కువే. మన దగ్గర వరికి 5 మీటర్ల చదరం కొలుస్తారు. నా చిన్నప్పుడు మా చేలో అలా కొలిచిన రోజు నాకు గుర్తుంది. తాడు మూల దగ్గర రెండు దుబ్బుల గురించి మా నాన్న పట్టుబట్టడం చూసి, ఇంత చిన్నదానికి ఇంత వాదన ఎందుకని సిగ్గుపడ్డాను. 25 చదరపు మీటర్లలో పడ్డ రెండు దుబ్బులు ఎకరానికి నూట అరవై రెట్లవుతాయనీ, ఆ అంకె మీదే ఊరందరి పంట బీమా ఆధారపడి ఉందనీ అప్పుడు తెలియదు. ఆ ఏడు తెగులుకు మా పంట సగం పోయింది. బీమా మాత్రం రాలేదు. దుబ్బుల వల్లే రాలేదని నేను అనను. అనడానికి రెండో జట్టు కొలత ఉండాలి కదా.

అంకెలు లేని చోట ఏం జరుగుతుందో 1943 బెంగాలు కరువు చూపించింది. ప్రాంతంలో ధాన్యం ఎంత ఉందో నమ్మదగ్గ లెక్క ఎవరి దగ్గరా లేదు. విచారణ సంఘం పదిహేను లక్షల మంది చనిపోయారంది, తర్వాతి పరిశోధకులు ముప్పై లక్షల దాకా చెప్పారు. చావుల లెక్క రాయాల్సింది ఊరి చౌకీదార్లు. ఆ చౌకీదార్లలోనే కొందరు చనిపోయారు, కొందరు ఊరు వదిలి వెళ్ళారు. అలాంటి ఊరి నుంచి ఏ చావూ రికార్డుకెక్కదు. మా స్ప్రెడ్‌షీట్‌లో ఖాళీ గడికీ సున్నాకూ తేడా చూడలేదని చెప్పాను గదా. ఆ తేడా ఇంత భయంకరంగా ఉంటుందని ఇది చదివాకే తెలిసింది. కరువు తర్వాత మహలనోబిస్ బృందం ఊరూరా నమూనా సర్వే చేసి ఎవరు భూమి అమ్ముకున్నారు, ఎవరు ఎడ్లు పోగొట్టుకున్నారు అనేది రాసింది. 1946లో ఆ నివేదిక వెలువడింది. అంతకు ముందు ఏడే ఆయన రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు.

మన తెలుగువాళ్ళు ఇక్కడ ప్రత్యేకంగా తలచుకోవలసిన పేరు సి.ఆర్.రావు గారిది. గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదువుకుని, ఆంధ్రా యూనివర్శిటీలో లెక్కల ఎం.ఏ. చేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళి, అది దొరక్క 1941లో మహలనోబిస్ సంస్థలో చేరారు. తర్వాత ప్రపంచ ప్రసిద్ధులై 2023లో నూట రెండేళ్ళు నిండి కన్నుమూశారు. ఆయన తన పుస్తకంలో చెప్పిన ఉదంతం ఒకటి చాలా సొగసైనది. 1947 అల్లర్లప్పుడు ఢిల్లీ ఎర్రకోటలో శరణార్థులు తలదాచుకున్నారు. ఎందరున్నారో ఎవరికీ తెలియదు, లోపలికి వెళ్ళి లెక్కపెట్టే పరిస్థితి లేదు. తిండి సరఫరా చేసే కాంట్రాక్టరు బిల్లులు మాత్రం వస్తున్నాయి. ఈ సంస్థ గణాంకవేత్తలు ఆ బిల్లుల్లోని బియ్యం, పప్పు, ఉప్పు లెక్కలు తీసుకుని, మనిషికి రోజుకెంత కావాలో దానితో భాగించారు. మూడు సరుకులకూ మూడు వేర్వేరు జనాభాలు వచ్చాయి. ఉప్పు లెక్కనే నమ్మారు. ఎందుకంటే ఉప్పు అతి చవక. దాని లెక్క పెంచి రాసినా మిగిలేదేమీ లేదు. ఏ అంకెకు అబద్ధమాడే అవసరం లేదో ఆ అంకెను నమ్మడమన్నమాట.

స్వాతంత్ర్యం తర్వాత 1949లో ఆయన కేంద్ర మంత్రివర్గానికి గౌరవ గణాంక సలహాదారయ్యాడు. జాతీయాదాయం లెక్కగట్టే సంఘానికి అధ్యక్షుడయ్యాడు. కూర్చుంటే సగం అంకెలు లేనేలేవు. అందుకే 1950లో నేషనల్ శాంపుల్ సర్వే మొదలైంది, అదే రెండో ఎన్.ఎస్.ఎస్. ఊళ్ళకు వెళ్ళిన పరిశోధకుల అవస్థలు మా అవస్థలకు తాతలు. భాషలు వేరు, కొలతలు వేరు. వీశె, మణుగు, కుంచం, తూము, పుట్టి ఏ ఊరివి ఆ ఊరివే. సేరు అనే ఒక్క మాటే తీసుకోండి. మద్రాసు రాష్ట్రంలో తూకపు సేరు 24 తులాలు, ఉత్తరాదిలో 80 తులాలు. పేరు ఒకటే, గడిలో అంకె ఒకటే, బరువు మూడు రెట్లకు పైగా తేడా. మెట్రిక్ తూనికల చట్టం 1956లో గానీ రాలేదు. ఈ చిక్కులన్నీ విప్పుకుంటూ, తిండికీ బట్టకూ పల్లెటూరి సంసారం ఎంత ఖర్చు పెడుతుందో దేశం మొదటిసారి తెలుసుకుంది.

1956లో మొదలైన రెండవ పంచవర్ష ప్రణాళిక ఆయన తయారుచేసిన నమూనా మీద నడిచింది. బరువు పరిశ్రమలకు పెద్ద పీట వేశారు. దీని మీద వాదోపవాదాలు ఇప్పటికీ ఉన్నాయి. వ్యవసాయానికి తగిన వాటా దక్కలేదనే విమర్శ నాకు సబబుగానే తోస్తుంది, రైతు బిడ్డను కనుక పక్షపాతమని అంటే అనుకోండి. కొలతను నిలదీసిన మనిషి తన నమూనాలో వేసుకున్న ఊహలను అంత గట్టిగా నిలదీశాడా అని సందేహం వస్తుంది. దానికి రెండో జట్టు లేదు. ఆయన స్వభావం కూడా పట్టుదల మనిషిదేననీ, సహచరులతో ఘర్షణలు తప్పలేదనీ రాసినవాళ్ళున్నారు.

దేశంలోకి మొదటి డిజిటల్ కంప్యూటర్‌ను 1950 దశకం నడిమిలో ఇంగ్లండు నుంచి తెప్పించింది ఆయన సంస్థే. ఇన్‌స్టిట్యూట్‌ను జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తిస్తూ 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 1968లో పద్మవిభూషణ్ వచ్చింది. 1972 జూన్ 28న, సరిగ్గా పుట్టినరోజుకు ముందు రోజు, 78 ఏళ్ళ వయసులో మహలనోబిస్ కన్నుమూశాడు. 2007 నుంచి జూన్ 29ని ప్రభుత్వం గణాంక దినోత్సవంగా జరుపుతోంది.

ఇవన్నీ చదివాక మేం మా క్యాంపు కాగితాలను మళ్ళీ తీశాం. ఈసారి ఇద్దరం విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా, 143 ఇళ్ళనూ రెండు షీట్లలో ఎక్కించాం. మూడో షీట్‌లో ఒకదాని నుంచి ఒకటి తీసేసే ఫార్ములా పెట్టాం. 19 గళ్ళల్లో సున్నా రాలేదు. ఆరు నావి, పది అతనివి. మిగిలిన మూడు ఇళ్ళకు ఎవరిది రైటో తేలలేదు. వాన చినుకులు పడి కాగితం మీద సిరా కరిగిపోయింది. ఆ మూడు గళ్ళూ ఖాళీగా ఉంచాం. వచ్చే క్యాంపుకు వెళ్ళినప్పుడు ఆ మూడిళ్ళకూ మళ్ళీ వెళ్ళాలి. ఈసారి గుంటలా, సెంట్లా అని అడిగి మరీ రాసుకోవాలి.